సుధాకర్ గారి రెండు తలుపుల కారు

ముందు బస్సు ఆగుతుంటే సుధాకర్ గారు బ్రేక్ మీద కాలు పెట్టారు. అప్పుడు కారు ముక్కు కుడికి, డివైడర్ వైపు లాగింది. పెద్దగా ఏం కాదు. చేయి పట్టుకుని నడుస్తున్న పిల్లవాడు బొమ్మల కొట్టు కనబడితే లాగుతాడే, అంత. ఆయన స్టీరింగ్ సరిచేసుకుని, "రోడ్డు అట్లుంది మేడం" అన్నారు. పక్క సీట్లో కూర్చున్న నేను మాత్రం రోడ్డు వాలు చూశాను. వాన నీళ్లు పోవడానికి మన రోడ్లకు వాలు ఎడమకు ఉంటుంది. రోడ్డే లాగితే ఎడమకు లాగాలి. ఇది కుడికి లాగింది. వెనక సీట్లో ఆయన తల్లి, పక్కన ఆయన కూతురు ఉన్నారు. ఆ కారుకు బ్రేకులు బాగున్నాయని రిపోర్టు మీద సంతకం చేసింది నేను.

అది 2024 వానాకాలం. ఉప్పల్‌లో వరంగల్ హైవే మీద ఉన్న ఒక సెకండ్ హ్యాండ్ కార్ల యార్డులో నేను ఎవాల్యుయేటర్‌ని. అమ్మకానికి వచ్చిన ప్రతి కారునూ కింద నుంచి పై దాకా చూసి, ఏది బాగుంది, ఏది బాగులేదు అని రిపోర్టు రాయడం నా పని. చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. ఇంటర్వ్యూలో, "కార్ల కింద దూరాల్సి ఉంటదమ్మా, ఇబ్బంది కాదా?" అని అడిగారు. "ఇద్దరు పిల్లల తల్లిని సార్, మంచాల కింద రోజూ దూరుతనే ఉన్న" అన్నాను. ఉద్యోగం ఇచ్చారు.

నాది భయపడే స్వభావం. స్కూల్ ఆటో మలుపు దగ్గర కనబడటం కాస్త ఆలస్యమైతే చాలు, నాచారంలోని మా ఇంటి గేటు దగ్గర నిలబడి ఏవేవో ఊహించుకుంటాను. ఇంట్లో అందరూ దానికి నవ్వుతారు. కానీ ఈ పనిలో అదే నాకు అన్నం పెడుతోంది. చిన్న శబ్దం వచ్చినా ఏదో అయి ఉంటుందని అనుకునేవాళ్లే కార్లు చూడాలి.

ఆ కారు మా యార్డుకు వచ్చిన రోజు పనంతా ఆగిపోయింది. ముదురు నీలం రంగు కూపే. కూపే అంటే రెండే తలుపులు, వెనక్కి జారినట్టుండే పైకప్పు, నేలకు దగ్గరగా ఉండే ఒళ్లు. ముందు రెండు సీట్లు, వెనక పేరుకు ఇంకో రెండు. కంపెనీ పేరు రాయను. మన దగ్గర ఆ మోడల్ అమ్మడం మానేసి చాలా కాలమైంది. వచ్చినవాళ్లందరూ దాని పక్కన నిలబడి ఫోటో దిగేవాళ్లు, తర్వాత మామూలు కారు కొనుక్కుని వెళ్లేవాళ్లు. మా సేల్స్ కుర్రాళ్లు దానికి పెండ్లికొడుకు అని పేరు పెట్టారు. "అందరు వచ్చి సూసి పోతున్నరు మేడం, సంబంధమే కుదుర్తలేదు" అనేవాళ్లు.

ఆ సంబంధానికి వచ్చినవారే సుధాకర్ గారు. మల్లాపూర్‌లో ఒక మెషిన్ షాపులో సూపర్‌వైజర్, ఇల్లు నాచారంలో. సొంతూరు జనగామ దగ్గర పల్లె. భార్య మెర్సీ, తల్లి రాహేలమ్మ, అయిదో తరగతి చదివే కూతురు ఏంజెల్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నా దగ్గరకొచ్చి నిలబడ్డారు.

"మేడం, ఒక్కటి నిజం చెప్పుండ్రి. ఇది ఒరిజినల్ స్పోర్ట్స్ కారేనా? లేకుంటే రెండు తలుపులు పీకేసి స్పోర్ట్స్ అంటున్నరా?"

"పీకేస్తే రేటు గూడ తగ్గాలె గద" అంది మెర్సీ వెనక నుంచి. "నాలుగు తలుపుల పైసలు తీసుకొని రెండే ఇస్తున్నరు."

ఇలాంటి ప్రశ్న నేరుగా అడిగే కస్టమర్ దొరకడం అరుదు. చాలామంది హార్స్‌పవర్ అంకె ఒక్కటే చూస్తారు. ఎన్ని గుర్రాలు అన్నది సగం లెక్క. ఆ గుర్రాలు ఎంత బరువు లాగుతున్నాయి అన్నది మిగతా సగం. దాన్ని పవర్ టు వెయిట్ అంటారు. ఈ కూపే ఇంజన్ బలం ఇప్పుడొస్తున్న పెద్ద ఎస్‌యూవీల కంటే ఎక్కువేం కాదు. కానీ ఒళ్లు తేలిక. బస్తా మోసే మనిషిని, చేతిసంచి పట్టుకున్న మనిషిని పక్కపక్కన పరిగెత్తించినట్టు ఉంటుంది. ఇది చెబితే సుధాకర్ గారు తలూపి, "లేత్ మీద గూడ గంతే మేడం. మోటర్ పెద్దదైతే కాదు, చెక్కే ఇనుప ముక్క ఎంత బరువున్నదనేదే ముచ్చట" అన్నారు.

టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే వస్తానన్నారు. నేను వద్దన్నాను. ఒక్కరే కూర్చుంటే ఏ కారైనా స్పోర్ట్స్ కారే. మెర్సీని, ఏంజెల్‌ను వెనక కూర్చోబెట్టి, నేను ముందు కూర్చుని, సీట్లన్నీ నిండిన కారును మేడిపల్లి దాకా తీసుకెళ్లమన్నాను. రాహేలమ్మ యార్డులోనే టీ తాగుతూ కూర్చుంది. హైవే మీద ఒక టిప్పర్‌ను దాటాల్సి వచ్చింది. మూడో గేరులోనే కారు అలవోకగా దాటేసింది. నిలబడ్డ చోటు నుంచి, తక్కువ వేగం నుంచి లాక్కుపోయే ఆ బలాన్ని టార్క్ అంటారు. రోజువారీ నడకలో మనకు తెలిసేది అదే. సుధాకర్ గారు మెడ మీది నరం ఉబ్బేంతగా నవ్వారు.

"డాడీ, ఇంకోటి దాటు" అంది ఏంజెల్.

"దాటుడు తర్వాత. నా మోకాళ్లు గదుమకు తగులుతున్నయి" అంది మెర్సీ.

తిరిగొచ్చాక నాకు తెలిసింది తెలిసినట్టు చెప్పాను. బలం చాలు. నిజమైన రేసు కార్ల ముందు ఇది నిలబడదు. కానీ మన రోడ్లకు, మన కుటుంబాలకు ఇది తక్కువ కాదు. విలువ సంగతి వేరు. కొత్త చిన్న ఎస్‌యూవీ కంటే ధర తక్కువే. కానీ పార్టులు ఆర్డర్ పెట్టి తెప్పించుకోవాలి. నాచారం గల్లీల్లో స్పీడ్ బ్రేకర్ వస్తే కారును వంకరగా తిప్పి ఎక్కించాలి, లేకపోతే పొట్ట గీసుకుంటుంది. "మీరు మోజుతో కొంటున్నరు. మళ్ల అమ్మాలంటే అంత మోజున్న మనిషి ఇంకొకడు దొరకాలె. ఏండ్ల తరబడి ఉంచుకుంటే ఇది మంచి బేరం. రెండేండ్లకే మార్చేటట్టయితే వద్దు" అన్నాను.

"మార్చ" అన్నారాయన. "ఎవరెవరి బండ్లకో పార్టులు చెక్కుకుంట వచ్చిన ఇన్ని రోజులు. ఒక్కటి నాకు నచ్చింది నడపాలె."

మెర్సీ అత్తగారి వైపు చేయి చూపించింది. "అత్తమ్మ మోకాళ్లకు వెనక సీట్లకు దూరుడైతదా? ఆదివారం చర్చికి ఎట్ల పోతం?"

"నన్ను అడ్డం పెట్టకు మెర్సీ" అంది రాహేలమ్మ, టీ గ్లాసు కింద పెడుతూ. "నాకు ముందు సీటియ్యి, నేనెక్కుత. మీ పెండ్లినాడు గూడ వీని మొఖం గింత ఎలగలే."

మెర్సీకి నవ్వొచ్చింది. కానీ మాట మాత్రం గట్టిగానే అంది. "సరే, తీస్కో. ఒక్క రిపేరు, ఒక్కటంటే ఒక్కటి వచ్చిందనుకో, తెచ్చి ఈడనే వదిలిపెడ్త. వారం లోపల వాపసియ్యొచ్చని బోర్డు మీద రాసిన్రు. నేను సదివిన."

అలా కుదిరింది సంబంధం.

డెలివరీ రోజు మా యార్డులో ఎవరి పద్ధతి వాళ్లది. కొందరు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. కొందరు దిష్టి తీసి గుమ్మడికాయ కొడతారు. కొందరు దువా చేయించుకుంటారు. సుధాకర్ గారు తమ పాస్టరయ్యను పిలుచుకొచ్చారు. ఆయన బానెట్ మీద చేయి పెట్టి ప్రార్థన చేసి, వేలితో కాస్త ప్రార్థన నూనె తీసి స్టీరింగ్‌కు రాసి వెళ్లిపోయారు. తర్వాత ఫోటోలు. నేను లోపల కాగితాలు సర్దుతున్నాను.

మా యార్డులో ఒక ఏర్పాటు ఉంది. డెలివరీ తర్వాత కొత్త యజమాని ఇంటిదాకా నడుపుతుంటే ఎవాల్యుయేటర్ పక్కన కూర్చుని వెళ్లాలి. వైపర్ ఎక్కడ, రివర్స్ గేరు ఎలా అన్నవి దారిలో చూపిస్తాం. అందుకే ముందు సీట్లో నేనున్నాను. "ఇంటిదాకనే గద బిడ్డా" అంటూ రాహేలమ్మ అవస్థపడి వెనక కూర్చుంది. మెర్సీ మిఠాయి డబ్బా పెట్టుకుని స్కూటీ మీద వెనక వస్తోంది. చినుకులు పడుతున్నాయి. ఉప్పల్ ట్రాఫిక్‌లో నత్తనడకన వచ్చాం కాబట్టి అప్పటిదాకా ఏమీ తెలియలేదు. నాచారం రోడ్డెక్కి కాస్త వేగం అందుకున్నాక ఆ బస్సు ఆగింది, కారు ముక్కు కుడికి లాగింది.

"సార్, ఒక్కసారి మెల్లగ, చాలా మెల్లగ బ్రేక్ ఒత్తండి" అన్నాను. ఒత్తారు. మళ్లీ కుడికే. ఈసారి ఆయనకూ తెలిసింది. స్టీరింగ్ మీద వేళ్లు బిగుసుకున్నాయి.

"వదిలేయండి. గేరు తగ్గించండి. ఇండికేటర్ వేసి ఎడమకు రండి. ఆపడానికి తొందరేం లేదు." నా గొంతు మామూలుగానే వచ్చింది. అది ఎలా వచ్చిందో నాకు తెలియదు. వెనక ఏంజెల్ అద్దంలోంచి వాళ్లమ్మకు చేయి ఊపుతోంది. వేగం తగ్గి తగ్గి, చివరకు హ్యాండ్ బ్రేక్ కొద్దికొద్దిగా లాగితే, మూసి ఉన్న ఒక టైల్స్ దుకాణం ముందు కారు నిలబడింది.

మెర్సీ స్కూటీ ఆపి వచ్చింది. "ఏమైంది?"

"ముందు బ్రేకు ఒక పక్క పడతలేదు" అన్నాను.

"బ్రేకులు మంచిగున్నయని సంతకం పెట్టింది మీరే గద మేడం?"

"నేనే."

"మరి?"

ముందు చక్రాల దగ్గర కూర్చున్నాను. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేన్ని డిస్క్ అంటారు. బ్రేక్ వేసినప్పుడు దాన్ని రెండు పక్కల నుంచి ప్యాడ్లు పట్టుకుంటాయి. ఆ ప్యాడ్లను బిగించేది కాలిపర్. పట్టిన డిస్క్ వేడెక్కుతుంది. దగ్గరగా చేయి పెడితే కుడిది సెగ కొడుతోంది, ఎడమది చల్లగా ఉంది. ఎడమ కాలిపర్ బిగుసుకుపోయిందనుకున్నాను. కానీ ముందురోజే దాన్ని నేను విప్పించి చూశాను. అంత బాగున్నది రాత్రికి రాత్రి ఎలా బిగుసుకుంటుంది? చక్రం మీద తడి మెరుస్తోంది. వాన అనుకున్నాను.

మేనేజర్‌కు ఫోన్ చేశాను. స్పీకర్‌లో ఆయన మాట అందరికీ వినబడింది. "రికవరీ వ్యాను పంపుత. బండి వాపస్ తెచ్చెయ్యమ్మా, వాళ్లకు ఇంకోటి సూపిద్దాం."

సుధాకర్ గారు కారు పైకప్పు మీద చేయి ఆనించి నిలబడ్డారు. "నేను ముందే చెప్పిన ఏంజెల్ డాడీ" అంది మెర్సీ. కోపంగా కూడా కాదు, అలసిపోయినట్టు. "ఇంటికి గూడ చేరలే."

అప్పుడు రాహేలమ్మ తనను దింపమంది. ముందు సీటు మడిచి, చేయి అందించి దింపాం. ఆవిడ నడుము పట్టుకుని చక్రాల వైపు చూసింది.

"ఏ చక్రం బిడ్డా?"

"ఇదేనమ్మా. ఎడమ పక్క ముందుది."

ఆవిడ చేతిలోని సంచిని గుండెలకు దగ్గరగా పట్టుకుంది. తర్వాత, "దానికే పోసిన" అంది.

"ఏం పోసిన్రు?"

"నూనె. పాస్టరయ్య స్టీరింగుకు పెట్టిండు. తిరిగేది చక్రాలు గద, వాటికి పెట్టకుంటె ఎట్ల అని నా సంచిల సీసా తీసి నేనే పోసిన. నాలుగింటికీ పోద్దామనుకున్న. గింతల ఫోటోకు రమ్మని పిలిచిన్రు."

నేను వంగి డిస్క్ అంచును వేలితో తాకాను. వేలు జారింది. వాన నీళ్లు అలా జారవు.

"పాత కారుకు గూడ పోసిన బిడ్డా. అప్పుడేం గాలే" అంది ఆవిడ, తనలో తను అనుకుంటున్నట్టు.

నిజమే, అప్పుడు ఏమీ కాదు. మామూలు కార్లకు చక్రం మీద ప్లాస్టిక్ మూత ఉంటుంది. నూనె ఎంత పోసినా దాని మీదే కారిపోతుంది. ఈ కూపే చక్రాలకు సన్నటి ఊచలే. వాటి సందుల్లోంచి డిస్క్ బయటికే కనబడుతుంది. అందం కోసం అలా చేస్తారు. ఆవిడ భక్తిగా పోసిన నూనె నేరుగా డిస్క్ మీదకు పోయి, మొదటిసారి బ్రేక్ వేసినప్పుడే ప్యాడ్లకు అంటుకుంది. ఇది అర్థమయ్యాక నాకు ఇంకో సంగతి తట్టింది. ఫోటోకు ఎవరూ పిలవకపోతే ఆవిడ నాలుగు చక్రాలకూ పోసేది. అప్పుడు కారు పక్కకు లాగేది కాదు. ఆగేదే కాదు. నేను కాసేపు టైల్స్ దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయాను.

రాహేలమ్మ కొడుకు వైపు చూడటం లేదు. ఏదో ఒకటి అంటాడని ఎదురుచూస్తూ ఉంది. సుధాకర్ గారు ముఖం తుడుచుకుని, "షాపుల పోరగాండ్లకు రోజు చెప్త, ఆయిల్ ఏడ పొయ్యాల్నో ఆడనే పొయ్యుండ్రిరా అని. ఇంట్ల చెప్పుడు మరిసిన" అన్నారు. తర్వాత భార్య వైపు తిరిగి, భయంభయంగా అడిగారు. "మెర్సీ, ఇది రిపేర్ల కిందికొస్తదా?"

మెర్సీ అత్తగారిని, కారును, మళ్లీ అత్తగారిని చూసింది. "ఇది మీ అమ్మ కిందికొస్తది" అంది.

ముందు నవ్వింది రాహేలమ్మే. తర్వాత నా పక్కన మెట్టు మీద కూర్చుని మెల్లగా అడిగింది. "ప్రార్థన తప్పయిందా బిడ్డా?"

"ప్రార్థన తప్పు కాదమ్మా. నూనెకు అది జాగ కాదు."

"చెప్పకుంట ఊకుందామనే అనుకున్న జర సేపు. కారు వాపసు పోతది, నా ముచ్చట ఎవలకు తెల్వది. కానీ వాని మొఖం సూడలేకపోయిన. మల్ల ఆ బండి ఇంకెవరన్న కొంటరు గద, వాళ్లకు గూడ పిల్లలుంటరు."

రికవరీ వ్యాను కారును యార్డుకు కాకుండా మల్లాపూర్‌లో మాకు పనిచేసే వర్క్‌షాపుకు తీసుకెళ్లింది. మెర్సీ స్కూటీ మీద, మిగతావాళ్లం ఆటోలో వెనకే వెళ్లాం. డిస్క్‌ను బ్రేక్ క్లీనర్ కొట్టి శుభ్రం చేశారు. నూనె తాగిన ప్యాడ్లను మాత్రం ఎంత తుడిచినా నమ్మకూడదు. కొత్తవి వేయించాను. కుడివైపు ప్యాడ్లు బాగానే ఉన్నా అవీ మార్పించాను. రెండు పక్కలా ఒకేలా పట్టాలంటే రెండూ ఒకే వయసువి కావాలి. మిగతా మూడు చక్రాలూ విప్పించి నా కళ్లతో చూశాను. ఆ తర్వాత ఫ్యాక్టరీల వెనక ఖాళీ రోడ్డు మీద నేనే నడిపి, స్టీరింగ్ మీద వేళ్లు ఊరికే ఆనించి బ్రేక్ వేశాను. కారు గీత గీసినట్టు నిలబడింది. మళ్లీ వేశాను. మళ్లీ.

"నేను నడిపి సూడొచ్చా?" అంది మెర్సీ. ఆమెకు పాత కారు నడిపే అలవాటు ఉంది. అదే రోడ్డు మీద ఒకసారి వెళ్లి, తిరిగొచ్చి, తిప్పి, అడగకుండానే ఇంకోసారి వెళ్లింది. దిగినప్పుడు చెంపలు ఎర్రబడి ఉన్నాయి. "పవర్ చాలు మేడం. నాకైతే ఎక్కువే అనిపించింది. రేటు సంగతి మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకుంటలేను" అంది. అత్తగారిని ముందు సీట్లో కూర్చోబెట్టి, తను మోకాళ్లు మడుచుకుని కూతురి పక్కన వెనక కూర్చుంది. స్కూటీని వర్క్‌షాపులోనే వదిలేశారు. మిఠాయి డబ్బా నా చేతికొచ్చింది.

స్పోర్ట్స్ కూపేలో బలం సరిపోతుందా, పెట్టిన ధరకు తగిన విలువ ఉంటుందా అని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. నా జవాబు అదే. బలం చాలు. విలువ మీరు ఎంతకాలం ఉంచుకుంటారన్న దాన్ని బట్టి. అయితే ఇప్పుడు ఇంకో పని కూడా చేస్తున్నాను. ఏ పద్ధతివాళ్లయినా సరే, పూజో ప్రార్థనో మొదలుపెట్టకముందే ఇంటి పెద్దావిడను పిలిచి చక్రం దగ్గరకు తీసుకెళ్తాను. ఇదిగో ఇది డిస్క్, దీని మీద పసుపు, నూనె, కొబ్బరినీళ్లు ఏవీ పడకూడదు, మీకు ఏం పెట్టాలనిపించినా బానెట్ మీద పెట్టండి అని చూపిస్తాను. ఒక్కరు కూడా నొచ్చుకోలేదు. చాలామంది, ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం అని అడిగారు. వేడుక అంతా అయిపోయాక, గేటు దాటకముందే, యార్డులోనే ఒకసారి బ్రేక్ వేయించి చూస్తాను.

ఆ కారు ఇంటికి చేరిన మర్నాడు పొద్దున హాసినికి జడ వేస్తూ ఈ సంగతి చెప్పాను. మా హాసిని రెండో తరగతి. విక్కీ ఇంకా ఎల్‌కేజీ. వాడు పాలగ్లాసు పట్టుకుని వింటున్నాడు. పవర్ గురించి గానీ, ప్యాడ్ల గురించి గానీ వాళ్లు అడగలేదు.

"ఆ నానమ్మను అందరు తిట్టిన్రా?" అంది హాసిని.

"ఎవ్వరూ తిట్టలే. ఆమె చెప్పింది కాబట్టి అందరం ఇంటికొచ్చినం. మీరు గూడ ఏం ఒలకబోసినా, ఏం పగలగొట్టినా, ముందు వచ్చి నాకు చెప్పాలె. నేను అరిస్తే అరుస్త. అయినా చెప్పాలె."

విక్కీ గ్లాసులోకి చూస్తూ, "వాషింగ్ మెషిన్ల నా కారు ఏసిన" అన్నాడు.

ఆ మెషిన్ గలగలమంటుంటే లోపల ఏం ఊడిపోయిందోనని కంగారుపడి మెకానిక్‌ను రమ్మని చెప్పి ఉన్నాను. నోటిదాకా వచ్చిన కేకను మింగేశాను.

"చెప్పినవు కద, మంచి పని చేసినవు" అన్నాను. "ఇప్పుడు ఇంకోటి చెప్పు. ఎన్ని కార్లు ఏసినవు?"